చేతికి రాని డబ్బు

పోయిన భాగం పెట్టాక ఇన్‌బాక్స్‌లో చాలామంది తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అడిగింది ఒకటే ప్రశ్న. "అక్కా, బ్లాక్డ్ అకౌంట్‌లో డబ్బు వేశాం, వీసా వచ్చింది, టికెట్ కొన్నాం. అక్కడ దిగాక డబ్బు చేతిలోకి ఎట్లా వస్తుంది?"

చిన్న ప్రశ్నలాగే ఉంటుంది. దీనిమీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలు ఉన్నాయి. ఆ వీడియోలు చేసేవాళ్ళకి మాత్రం దిగిన ఊళ్ళో ఒక బాబాయో, పిన్ని కొడుకో, నాన్న స్నేహితుడి అల్లుడో ఉంటాడు. ఎయిర్‌పోర్టుకి వస్తాడు, వారం తన గదిలో ఉంచుకుంటాడు, "తర్వాత చూసుకుందాం లేరా" అని 500 యూరోలు చేతిలో పెడతాడు. మన పిల్లలకి ఆ బాబాయి ఉండడు. మన ఇళ్ళల్లో పాస్‌పోర్టు తీసుకున్న మొదటి మనిషి మనమే. అందుకే ఈ భాగం మొత్తం దీనికే రాస్తున్నా.

నేను చెప్పేది జర్మనీ సంగతి. నేను 2023 సెప్టెంబర్ ఆఖర్లో మాగ్డెబర్గ్‌లో దిగాను. తెలుగు పిల్లలు చాలామంది ఉండే యూనివర్సిటీ ఊరు అది. ఫీజు లేదు కదా అని మనవాళ్ళు జర్మనీ ఎంచుకుంటారు. నిజమే, ఎక్కువ రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలో ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. నేను వెళ్ళినప్పుడు అది 11,208 యూరోలు. 2024 సెప్టెంబర్ నుంచి 11,904 అయింది. అప్పటి లెక్కలో యూరో 88 రూపాయలు అనుకుంటే దాదాపు పది లక్షలు.

మా ఇంట్లో పది లక్షలు అనే మాట అంతకుముందు ఎవరూ పలకలేదు. అమ్మ ఒంగోలు దగ్గర పొగాకు గోడౌన్‌లో ఆకు గ్రేడింగ్‌కి పోతుంది. నాయన వ్యవసాయ కూలి. ఏడున్నర లక్షల దాకా హామీ లేకుండా చదువు అప్పు ఇవ్వొచ్చని కేంద్ర ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం చెప్తుంది. ఆ మాట మేనేజర్‌కి గుర్తుచేయడానికి నేను బ్రాంచికి ఆరుసార్లు తిరిగాను. మిగతాది ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. ఆ వడ్డీ గుర్తుపెట్టుకోండి, కింద లెక్కలో మళ్ళీ వస్తుంది.

ఇక అసలు చిక్కు. బ్లాక్డ్ అకౌంట్‌లో ఉన్నది నీ డబ్బే. కానీ అది ఒక్కసారిగా నీ చేతికి రాదు. నెలకి ఇంత అని (నాకు 934 యూరోలు) జర్మనీలో నీ పేరున ఉన్న కరెంట్ అకౌంట్‌కి పంపుతారు. ఆ అకౌంట్ తెరవాలంటే మామూలుగా బ్యాంకు ఇంటి చిరునామా నమోదు కాగితం అడుగుతుంది. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లో మునిసిపల్ ఆఫీసులో చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం పెట్టిన కాగితం కావాలి. ఆ సంతకం కావాలంటే గది కావాలి. గది కావాలంటే డిపాజిట్, మొదటి నెల అద్దె కట్టాలి. అవి కట్టాలంటే డబ్బు కావాలి. డబ్బు బ్లాక్డ్ అకౌంట్‌లో ఉంది.

గానుగెద్దు తిరిగినట్టు తిరగాలి. ఈ చుట్టు పూర్తయ్యేసరికి ఎవరికైనా మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ మూడు నాలుగు వారాలు నిన్ను బతికించేది నీ ఇండియా కార్డు ఒక్కటే. పైగా ఆ దేశంలో నోటుకి ఇప్పటికీ గిరాకీ ఎక్కువ. 2023లో బుండెస్‌బాంక్ చేసిన సర్వేలో దుకాణాల్లో, రోజువారీ ఖర్చుల్లో జరిగిన చెల్లింపుల్లో 51 శాతం నోట్లతోనే అని తేలింది. చిన్న బేకరీలో, టర్కీవాళ్ళ కూరగాయల కొట్లో "నగదు మాత్రమే" అని బోర్డు ఉంటుంది. కొన్నిచోట్ల కార్డు తీసుకున్నా జర్మన్ బ్యాంకులిచ్చే గీరోకార్డు తప్ప వీసా, మాస్టర్‌కార్డు తీసుకోరు. ఫోన్‌పేలో పది రూపాయల టీ తాగిన మనకి ఇది వింతే.

నాకు దొరికిన గది ఒక షేరింగ్ ఫ్లాట్‌లో. డిపాజిట్ 420, మొదటి నెల 270. మొత్తం 690 యూరోలు నోట్లుగా ఇస్తేనే తాళం చెవి. నా దగ్గర విజయవాడలో మార్చుకున్న 200 యూరోలు ఉన్నాయి. అందులో అప్పటికే 60 అయిపోయాయి.

ఇప్పుడు కార్డు సంగతికి వద్దాం. మనలో చాలామందికి మొదటి బ్యాంకు ఖాతా స్కాలర్‌షిప్ కోసం తెరిచిందే. హాస్టల్లో ఉన్నప్పుడు ఆధార్ లింక్ చేయించి, క్యాంపులో లైన్లో నిలబెట్టి తెరిపించింది. దానికి వచ్చేది ఎక్కువగా రూపే కార్డు. రూపేలో దేశీయ కార్డు ఈ దేశం వరకే. విదేశాల్లో పనిచేసే రూపే గ్లోబల్ కార్డు వేరే ఉంటుంది, అది డిస్కవర్ వంటి నెట్‌వర్కుల మీద నడుస్తుంది. నీ చేతిలో ఉన్నది ఏదో కార్డు మీద చూసుకోవాలి. చదువుకోమని ప్రభుత్వం ఇచ్చిన డబ్బు పడే ఖాతా కార్డు సముద్రం దాటలేదు. సిటీలో ఉద్యోగం చేసే కుటుంబాల పిల్లల జేబులో మాత్రం వీసానో మాస్టర్‌కార్డో ముందునుంచే ఉంటుంది. ఇది ఎవరూ కూర్చుని పన్నిన కుట్ర అనను. కానీ ఏ ఖాతా ఎవరికోసం తెరుస్తారో చూస్తే మన వాడ, వాళ్ళ ఊరు అక్కడ కూడా కనిపిస్తాయి.

వీసా కార్డు ఉన్నంత మాత్రాన పని అయిపోదు. రిజర్వ్ బ్యాంక్ 2020 జనవరిలో ఒక ఆదేశం ఇచ్చింది. ఆ ఏడాది మార్చి 16 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు ఇండియాలోని ఏటీఎంలకీ, దుకాణాల స్వైప్ మిషన్లకీ మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకం, ఆన్‌లైన్ వాడకం మనం అడిగి ఆన్ చేయించుకోవాలి. మోసాలు ఆపడానికి పెట్టిన రూలు, మంచిదే. కానీ దాన్ని ఆన్ చేయడానికి యాప్ కావాలి, ఓటీపీ కావాలి. ఓటీపీ ఏ ఫోన్‌కి వస్తుంది? ఖాతా తెరిచిన రోజు ఇంట్లో ఏ ఫోన్ ఉందో దానికి.

మా ఇంట్లో అది నాయన ఫోన్. నేను వెళ్ళేముందు కొత్తగా తీసుకున్న వీసా కార్డుకి కూడా, కుటుంబం పాత నంబరే ఉందని, బ్రాంచిలో దాన్నే ఎక్కించారు. నంబర్ మార్చమని రాసిచ్చిన కాగితం అక్కడే ఏదో ఫైల్లో ఉండిపోయింది. మాగ్డెబర్గ్‌లో రాత్రి పదకొండు. ఊళ్ళో తెల్లవారుజాము రెండున్నర. నెట్ బ్యాంకింగ్ పేజీ తెరుచుకుని నాయనకి ఫోన్ చేశాను. నాయన బడికి పోలేదు. అంకెలు మాత్రం వచ్చు, కూలి లెక్కలు చూసుకుని చూసుకుని నేర్చుకున్నాడు.

"నాయనా, మెసేజ్ వచ్చిందా?"

"వచ్చిందమ్మా. ఆగు, అద్దాలు పెట్టుకోనీ."

మొదటిసారి మూడంకెలు చెప్పేసరికి టైం అయిపోయింది. రెండోసారి ఫోన్ మాట్లాడుతూ మెసేజ్ తెరవడం ఆయనకి కుదరలేదు. కాల్ కట్ అయింది. మూడోసారి అమ్మ పక్కింటి అబ్బాయిని నిద్ర లేపుకొచ్చింది. అతను చదివాడు. కార్డు విదేశీ వాడకం ఆన్ అయింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు ప్రతి మెసేజ్‌లో రాస్తుంది. ఫోన్ ఒకరి దగ్గర, ఖాతా ఇంకొకరి దగ్గర ఉండే ఇళ్ళ గురించి ఆ వాక్యం రాసినవాళ్ళకి తెలియదు.

మర్నాడు పొద్దున ఏటీఎంకి వెళ్ళాను. హాస్టల్లో రెండు రోజుల క్రితమే పరిచయమైన కామెరూన్ అబ్బాయి తోడు వచ్చాడు. కార్డు పెట్టి, పిన్ కొట్టి, 400 అడిగాను. మిషన్ ఒక స్క్రీన్ చూపించింది: మీ ఖాతా నుంచి 38,900 రూపాయలు పోతాయి, ఈ రేటు ఖాయం, ఒప్పుకుంటారా? పచ్చ బటన్ మీద "మార్పిడితో" అనీ, ఎర్ర బటన్ మీద "మార్పిడి లేకుండా" అనీ ఉంది. అతను నా భుజం తట్టి ఎర్రది చూపించాడు. అది నొక్కినా డబ్బు వస్తుందని చెప్పాడు. నొక్కాను, వచ్చింది.

ఈ స్క్రీన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలియనివాళ్ళ భయం మీదే ఇది నడుస్తుంది. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు. నీ రూపాయలని యూరోల్లోకి మార్చే పని ఏటీఎంవాడే చేస్తానంటాడు, తన రేటుకి. వద్దంటే ఆ మార్పిడి వీసా లేదా మాస్టర్‌కార్డు రేటు ప్రకారం జరుగుతుంది. అది మార్కెట్ రేటుకి దగ్గరగా ఉంటుంది. 88 ఉన్న రోజున ఆ మిషన్ నాకు చెప్పిన రేటు 97 పైనే. పచ్చ బటన్ నొక్కి ఉంటే 400 యూరోల మీద 3,700 రూపాయలు అక్కడే పోయేవి. రూపాయల్లో అంకె కనిపిస్తే మనకి ధైర్యంగా ఉంటుంది, ఎర్ర బటన్ నొక్కితే లావాదేవీ రద్దవుతుందేమో అనిపిస్తుంది. ఆ రెండిటినీ లెక్కేసుకునే ఆ స్క్రీన్ కట్టారు.

ఎర్ర బటన్ నొక్కితే ఖర్చు ఉండదని కాదు. నా బ్యాంకు మూడున్నర శాతం మార్కప్ వేసింది, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒక్కో విత్‌డ్రాయల్‌కి 150 రూపాయలు, దాని మీద మళ్ళీ జీఎస్టీ. 400 యూరోలంటే 35,200 రూపాయలు. మార్కప్ 1,232, జీఎస్టీ 222, విడి చార్జీ 177. మొత్తం 1,631. రెండోరోజు తీసిన 300కి 1,267. రెండూ కలిపితే 2,898 రూపాయలు. అమ్మకి అప్పుడు రోజు కూలి 350. ఎనిమిది రోజులు ఆకు వేరుచేస్తే వచ్చేది, నేను నా డబ్బు నేను తీసుకున్నందుకు పోయింది. మార్కప్, జీఎస్టీ కలిపి వందకి 4 రూపాయల 13 పైసలు. ఊళ్ళో రెండు రూపాయల వడ్డీవాడు రెండు నెలలకి తీసుకునేది కార్డు రెండు నిమిషాల్లో తీసుకుంది.

ఇక్కడే అసలు నేను చెప్పాలనుకున్న సంగతి మొదలవుతుంది. ఇంత చార్జీ ఎందుకు కట్టాలి అని అందరూ అడుగుతారు. వేరే దారి ఉంది. ప్రతి యూనివర్సిటీ ఊళ్ళో తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపులు ఉంటాయి. అక్కడ పార్ట్‌టైం చేసే సీనియర్ ఇంటికి రూపాయలు పంపాలి, నీకు యూరోలు కావాలి. "మా నాన్న ఖాతాకి ఫోన్‌పే చెయ్యి, నేను ఇక్కడ నోట్లు ఇస్తా. గూగుల్ రేటే." చార్జీ సున్నా. వినడానికి ఎంత బాగుంది!

నేనూ ఆ గ్రూపులో అడిగాను. ఒక సీనియర్ వెంటనే ఫోన్ చేశాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ఏ జిల్లా అన్నాడు, ప్రకాశం అన్నాను. "అరె, మాదీ అటే!" ఏ మండలం, ఏ ఊరు. ఇంటిపేరేంటి అన్నాడు. చెప్పాను. ఒక్క క్షణం ఆగాడు. "ఊళ్ళో ఎటువైపు? రామాలయం దగ్గరా, చర్చి దగ్గరా?" చర్చి దగ్గర అన్నాను. "సరేనండీ, చూసి మెసేజ్ పెడతా." అప్పటిదాకా "చెల్లెమ్మా" అన్నవాడు "అండీ"లోకి దిగాడు. మెసేజ్ రాలేదు. అదే రోజు నాతో పాటు దిగిన ఇంకో అబ్బాయికి అతనే 600 యూరోలు ఇచ్చాడని తర్వాత తెలిసింది.

అతను నన్ను తిట్టలేదు. అవమానించినట్టు ఎవరికీ చూపించలేను. అతను అడిగితే చెప్పే జవాబు కూడా నాకు తెలుసు: డబ్బు విషయం కదా, తెలిసినవాళ్ళకే ఇస్తాం. తెలిసినవాళ్ళు ఎవరు? నిన్నటిదాకా ముఖం చూడని అబ్బాయి అతనికి "తెలిసినవాడు" ఎట్లా అయ్యాడు? నమ్మకం అని వాళ్ళు పిలిచేదాన్ని మనం మన భాషలో ఏమని పిలవాలో మీకు చెప్పక్కర్లేదు. బ్యాంకు చార్జీ కాగితం మీద అచ్చువేసి ఉంటుంది. నచ్చకపోతే పోట్లాడొచ్చు, ఇంకో బ్యాంకు చూసుకోవచ్చు. ఈ రెండో దారి చార్జీ ఎక్కడా రాసి ఉండదు. అది కట్టాల్సింది మనం ఒక్కళ్ళమే.

ఇంకో మాట. ఆ దారి దొరికినా వద్దంటాను. ఫెమా చట్టం 3వ సెక్షన్ ప్రకారం అనుమతి ఉన్న డీలర్లతో తప్ప విదేశీ మారకం లావాదేవీలు చేయకూడదు. పైగా ఎవడి ఖాతాలోంచి ఎవడికి ఏ డబ్బు తిరుగుతోందో నీకు తెలియదు. సైబర్ నేరం డబ్బు ఒక్క వెయ్యి నీ తండ్రి ఖాతాలోకి వచ్చినా పోలీసు ఫిర్యాదుతో ఆ ఖాతా ఫ్రీజ్ అవుతుంది. పెద్దింటివాళ్ళకి అప్పుడు లాయరు ఉంటాడు, స్టేషన్‌లో మాట చెల్లేవాళ్ళు ఉంటారు. ఉపాధి హామీ కూలి పడే మన ఖాతా ఫ్రీజ్ అయితే ఆ నెల ఇంట్లో పొయ్యి మీద ఏం పెడతారు?

బాబాసాహెబ్ 1913లో కొలంబియాకి వెళ్ళింది బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ళు. గడువు అయిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. మళ్ళీ 1920లో తాను కూడబెట్టుకున్నది, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం, పార్సీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చిన అప్పు పట్టుకుని వెళ్ళాడు. ఆ విడతలో రాసిన థీసిస్సే 1923లో "ది ప్రాబ్లెమ్ ఆఫ్ ది రుపీ" పుస్తకంగా వచ్చింది. అది రూపాయి మారకం గురించే. రూపాయి విలువ పడిపోతే వచ్చే లాభం దేశం మొత్తానిది కాదని, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కాబట్టి ఒక వర్గం లాభం కూలివాడి నష్టంలోంచి వస్తుందని ఆయన వాదించాడు. ఆ తర్వాత హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. మన మీటింగుల్లో ఆ పుస్తకం పేరు చెప్పి చప్పట్లు కొడతాం. ఏటీఎం ముందు నిలబడి పచ్చ బటనా, ఎర్ర బటనా అని ఆలోచిస్తున్నప్పుడు ఆయన అడిగిన ప్రశ్నే నాకు గుర్తొచ్చింది: ఈ మారకంలో ఎవరు పోగొట్టుకుంటున్నారు?

ఇప్పుడు మీరు చేయాల్సినవి. కాగితం మీద రాసుకోండి.

1. విమానం ఎక్కడానికి రెండు నెలల ముందు బ్యాంకులో ఖాతా నంబర్‌కి మీ సొంత మొబైల్ నంబర్ లింక్ చేయించుకోండి. దరఖాస్తు ఇచ్చిన రసీదు అడగండి. ఆ సిమ్‌కి రోమింగ్ ఆన్ చేయించి, రీచార్జ్ ఆపకండి.

2. వీసానో మాస్టర్‌కార్డో తీసుకుని, విదేశీ ఏటీఎం వాడకం ఇండియాలో ఉండగానే ఆన్ చేయండి. రోజు పరిమితి ఎంతో చూసుకోండి. రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులు ఉంటే మంచిది, ఒకదాన్ని మిషన్ మింగినా రెండోది ఉంటుంది. యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డుని కూడా చార్జీల పట్టిక పక్కపక్కన పెట్టి పోల్చండి.

3. ఏ మిషన్ అయినా, ఏ దుకాణం అయినా రూపాయల్లో కట్టమంటే వద్దనండి. "ఓనె ఉమ్‌రెష్నుంగ్" అంటే మార్పిడి లేకుండా అని. మాట గుర్తుపెట్టుకోండి. రోడ్డు మీద విడిగా పెట్టిన మిషన్లకంటే స్థానిక బ్యాంకు లోపలున్నవి చూసుకోండి. 50, 50 తీయకండి, విడి చార్జీ ప్రతిసారీ పడుతుంది.

4. డిపాజిట్ మొత్తం ఒకేసారి ఇవ్వాలంటే జర్మన్ సివిల్ కోడ్ 551వ సెక్షన్ చూపించండి. డిపాజిట్‌ని మూడు సమాన నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకుండేవాళ్ళకి ఉంది. మూడు నెలల అద్దె కంటే ఎక్కువ, అదీ కరెంటు, హీటింగ్ కలపని అద్దె, అడగకూడదు. ఇది నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. నోట్లు ఇస్తే సంతకంతో రసీదు తీసుకోండి.

5. చిరునామా కాగితం లేదని బ్యాంకు ఖాతా ఇవ్వనంటే "బాజిస్‌కోంటో" అడగండి. 2016 నుంచి అది చట్టం. యూరోపియన్ యూనియన్‌లో చట్టబద్ధంగా ఉన్న ఎవరికైనా, శరణార్థికైనా, ఇల్లు లేనివాళ్ళకైనా ప్రాథమిక ఖాతా ఇవ్వాలి. దరఖాస్తు ఇచ్చాక పది పనిదినాల్లో తేల్చాలి. కాదంటే కారణం రాసివ్వాలి. దాని మీద బాఫిన్ అనే ఆర్థిక పర్యవేక్షణ సంస్థకి వెళ్ళొచ్చు. నాకు ఈ సంగతి చెప్పింది మనవాళ్ళు కాదు, ఆ కామెరూన్ అబ్బాయే. వాళ్ళ దేశపు విద్యార్థులు వచ్చిన ప్రతి కొత్తవాడికీ ఇది ముందు చెప్తారట.

చివరగా అక్కడ ఇప్పటికే స్థిరపడ్డ మనవాళ్ళతో ఒక మాట. మేం నలుగురం తలా 150 యూరోలు వేసి 600 యూరోలు ఒక కవర్లో పెట్టాం. కొత్తగా దిగినవాళ్ళకి చేబదులు ఇస్తాం. వాళ్ళ బ్లాక్డ్ అకౌంట్ తెరుచుకున్నాక యూరోల్లోనే తిరిగి ఇస్తారు. వడ్డీ లేదు, ఇండియాలో ఎవరి ఖాతాకీ రూపాయి పంపక్కర్లేదు. అడ్మిషన్ లెటర్ చూస్తాం, తేదీ రాసుకుంటాం. ఇంటిపేరు అడగం, ఊళ్ళో ఎటువైపు అని అడగం. ఇప్పటిదాకా తొమ్మిదిమంది వాడుకున్నారు. ఎనిమిదిమంది తిరిగి ఇచ్చారు, తొమ్మిదో అమ్మాయికి వచ్చే నెల దాకా గడువుంది. ఆ తొమ్మిదిలో ఇద్దరు రామాలయం వైపువాళ్ళే. ఇచ్చేటప్పుడు అది మాకు తెలియదు, తెలిసినా ఇచ్చేవాళ్ళం.

మీ ఊళ్ళో నలుగురు ఉంటే ఈ వారమే మొదలుపెట్టండి. ఏప్రిల్ సెమిస్టర్‌కి మన పిల్లలు వస్తున్నారు.

వచ్చే భాగంలో హెల్త్ ఇన్సూరెన్స్ గురించి రాస్తాను. ప్రశ్నలు కింద అడగండి, ఇన్‌బాక్స్‌లో వద్దు. ఒకరికి చెప్పిన జవాబు పదిమందికి పనికొస్తుంది.

జై భీమ్.